కిటికీ కొనేముందు మే నెల రాత్రి గుర్తు తెచ్చుకోండి



మన పల్నాడులో ఏ ఊళ్ళో ఏ బజారుకి వెళ్ళినా ఒకటో రెండో కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. సంతోషమే. మిర్చి మీద నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది రైతుకి మొదట గుర్తొచ్చేది ఇల్లే. కానీ ఆ ఇళ్ళ ముందు నిలబడి చూస్తే కడుపు మండుతోంది. అన్నీ ఒకటే అచ్చు. ముందు గోడకి నిలువెత్తు నల్లద్దం, స్లైడింగ్ కిటికీలు. పైన సన్‌షేడ్ ఉండదు, లోపల ఊచలు ఉండవు. ఇదేందయ్యా అంటే "ఎలివేషన్ బాగుంటది" అంటారు. ఎలివేషన్ చూసేవాడు రోడ్డు మీద పోతాడు. లోపల పడుకునేది మనం.

నేనేదో తెలివైనవాణ్ణని చెప్పడం లేదు. మూడేళ్ళ కిందట నేనూ అదే తప్పు చేశా. మాది పడమర రోడ్డు. హాల్లో పడమర గోడకి ఆరడుగుల వెడల్పు స్లైడింగ్ అద్దం పెట్టించా. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మే నెల వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఆ హాల్లో కూర్చోలేం. రాత్రి కరెంటు పోతే ఇంట్లో ఊపిరాడదు. ఊచలు లేవు కాబట్టి అద్దం తీసి పడుకోలేం. మా అమ్మ ఆ వేసవంతా పాత గొడ్లచావిడిలో మంచం వేసుకుంది. లోపలికి రామ్మా అంటే "ఇల్లు బాగుందిరా, గాలే లేదు" అంది. అప్పు చేసి ఇల్లు కట్టిన కొడుక్కి ఇంకేం మాట కావాలి?

అందుకే చెప్తున్నా. కిటికీల షాపుకి వెళ్ళినప్పుడు రంగు, అద్దం, హ్యాండిల్ చూడబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మే నెలలో, కరెంటు లేని రాత్రి, ఈ కిటికీ తెల్లవార్లూ తెరిచిపెట్టి భయం లేకుండా పడుకోగలమా? పడుకోగలిగితే అది కిటికీ. లేకపోతే అది గోడకి పెట్టిన షోకేసు.

రాత్రి సంగతే ఎందుకంటున్నానంటే, మన ఇళ్ళకి శ్లాబు ఉంది. పగలంతా ఎండ తాగిన శ్లాబు ఆ వేడిని రాత్రంతా కిందికి దింపుతుంది. బయట పది గంటలకే చల్లబడుతుంది, లోపల అర్ధరాత్రయినా చల్లబడదు. ఆ వేడి బయటికి పోవాలంటే రాత్రంతా గాలి ఆడాల్సిందే. పగలు పదకొండు నుంచి అయిదు దాకా కిటికీలు మూసి, రాత్రి తెరవడం మన పెద్దవాళ్ళ పద్ధతి. చెక్క రెక్క మూస్తే గదిలో చీకటి పడేది, చల్లగా ఉండేది. అద్దం మూస్తే ఏమవుతుంది? పాలీహౌస్ చూశారుగా. ఎండని లోపలికి రానిస్తుంది, వేడిని బయటికి పోనివ్వదు. మొక్కలకి చేసే ఆ ఏర్పాటే మనం డబ్బిచ్చి మరీ హాల్లో పెట్టించుకుంటున్నాం. లోపల కర్టెన్ వేస్తే సరిపోతుందనుకోవద్దు. అద్దం దాటి వచ్చిన ఎండ ఇంట్లోకి వచ్చినట్టే. ఆపితే బయటే ఆపాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు పలకల స్లైడింగ్ కిటికీలో ఒక పలక ఎప్పుడూ రెండోదాని వెనకే ఉంటుంది. నాలుగడుగుల చదరపు కిటికీ అంటే 16 చదరపు అడుగులు. తెరుచుకునేది 8. పదహారుకి డబ్బు కట్టి ఎనిమిది గాలి తెచ్చుకుంటున్నాం. రెక్కల కిటికీ అయితే చట్రం పోగా దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. మన దేశంలో నేషనల్ బిల్డింగ్ కోడ్ అని ఒకటుంది. దాని ప్రకారం తలుపులు కాకుండా కిటికీల వైశాల్యం వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాల్లో గది నేలలో పదో వంతు ఉండాలి. వేడీ తేమా కలిసిన చోట ఆరో వంతు ఉండాలి. పన్నెండడుగుల చదరపు గదికి పదో వంతు అంటే పద్నాలుగున్నర అడుగులు, ఆరో వంతు అంటే 24. ఒక్క స్లైడింగ్ కిటికీ పెట్టి పదహారు అడుగులు పెట్టామంటే కాగితం మీద లెక్క సరిపోతుంది. మంచం మీద పడుకున్నవాడికి సరిపోదు.

"యూపీవీసీకి చెదలు పట్టవు కదన్నా" అంటారు. నిజమే, కాదనను. వానాకాలం ఉబ్బదు, రంగులు వేసే పని లేదు. కానీ యూపీవీసీలో రెక్కల కిటికీలు కూడా చేస్తారు. షాపువాడు ముందు స్లైడింగే చూపిస్తాడు, మనం నోరు తెరిచి అడగాలి. సన్న సందులోకి తెరుచుకునే చోట రెక్క దారిన పోయేవాళ్ళకి తగులుతుంది. అక్కడ స్లైడింగే పెట్టుకోండి. నా గొడవ సరుకుతో కాదు, తెరుచుకోని కిటికీతో.

"ఏసీ పెట్టుకుంటాం" అంటారు ఇంకొందరు. పెట్టుకోండి. ఇంట్లో ఎన్ని గదులకి పెడతారు? ఎండాకాలం సాయంత్రం ఊరంతా ఒకేసారి వేస్తే వోల్టేజీ ఎంతుంటుందో మోటారు స్టార్టర్ దగ్గర నిలబడే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పగలల్లా పొలంలో మాడి వచ్చిన మనిషికి రాత్రి నిద్ర పట్టకపోతే పొద్దున మళ్ళీ పనిలోకి ఎలా దిగుతాడు?

ఇక దిక్కుల సంగతి. మన ప్రాంతంలో మే మొదటి వారానికి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట కొంచెం ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. అంటే మండే రోజుల్లో దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ ఉంటే ఎండ బాధ పెద్దగా ఉండదు. అసలు శత్రువు పడమర. నాలుగింటికి ఎండ ఏటవాలుగా, సన్‌షేడ్ కింది నుంచే దూరుతుంది. వడగాలీ అటునుంచే. కాబట్టి పడమర గోడకి పెద్ద అద్దం వద్దేవద్దు. పెట్టక తప్పకపోతే చిన్న కిటికీ పెట్టి, ముందు పందిరో వేపచెట్టో ఉండేలా చూసుకోండి. సిద్ధాంతి గారు కూడా తూర్పు, ఉత్తరాలకి ఎక్కువ కిటికీలు పెట్టమంటారు, పడమరకి తగ్గించమంటారు. ఇక్కడ ఆయన మాటా ఎండ మాటా ఒకటే. కాకపోతే సరిసంఖ్య కుదరలేదని ఉన్న కిటికీ పూడ్చేసే పని మాత్రం చెయ్యకండి.

గాలి ఒక కిటికీలో వచ్చి ఇంకోదాంట్లో పోవాలి. ఒకే గోడకి రెండు పెట్టేకంటే రెండు గోడలకి ఒక్కోటి పెట్టడం మేలు. ఎదురెదురుగా కుదిరితే ఇంకా మంచిది. పడకగదిలో కిటికీ అడుగు నేల నుంచి రెండున్నర అడుగుల లోపే ఉండాలి. నాలుగడుగుల ఎత్తున పెడితే గాలి మంచం పైనుంచి పోతుంది, మనిషికి తగలదు. వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి శ్లాబు కింద వెంటిలేటర్ తప్పక వదలండి. ఫాల్స్ సీలింగ్ అందం కోసం దాన్ని ఎత్తేసిన ఇళ్ళు ఎన్నో చూశా.

ఊచలు లేకపోతే రాత్రి తెరవలేం. జాలీ లేకపోతే దోమలు. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది కాబట్టి జాలీ పగలూ ఉండాలి. నైలాన్ జాలీని ఎలుకలు కొరికేస్తాయి, స్టీలుది వేయించండి. జాలీ గాలిని కొంత ఆపుతుంది, అందుకే కిటికీ ఒక అడుగు పెద్దది కావాలి. రెక్కలు బయటికి, జాలీ తలుపు లోపలికి తెరుచుకునేలా, మధ్యలో ఊచలు వచ్చేలా ముందే చెప్పాలి. అన్నీ బిగించాక జాలీ గుర్తొస్తే పెట్టడానికి చోటుండదు.

ఇంకొక మాట. పాత ఇల్లు పీకినప్పుడు టేకు కిటికీలు పాతసామాను వాడికి ఇచ్చేస్తున్నారు. ఆ నాలుగు రెక్కల కిటికీలు ఒకసారి సరిగ్గా చూడండి. కింది రెండు రెక్కలు మూస్తే బజార్లో వాళ్ళకి లోపల కనపడదు, పై రెండూ తెరిస్తే గాలి ఆడుతుంది. ఆడవాళ్ళు ఇంట్లో హాయిగా తిరిగేవాళ్ళు. దాన్ని చేసిన వడ్రంగికి ఎలివేషన్ తెలియదు గానీ ఇంట్లో మనుషులుంటారని తెలుసు. చెక్క గట్టిగా ఉంటే చిత్రిక పట్టించి కనీసం వెనక గదులకైనా వాడుకోండి.

ఇదంతా గోడలు లేవకముందే తేలాలి. లింటెల్ పడ్డాక మేస్త్రీని తిట్టి లాభం లేదు. పునాది లేచాక ఒకరోజు సాయంత్రం నాలుగింటికి కుర్చీ వేసుకుని ఆ జాగాలో కూర్చోండి. ఎండ ఎటు కొడుతోంది, గాలి ఎటు వస్తోంది చూడండి. పక్కన మీ అమ్మనో ఇంటావిడనో కూర్చోబెట్టుకోండి. పగలంతా ఆ ఇంట్లో ఉండేది వాళ్ళే. వాళ్ళు చెప్పిన చోట సుద్దతో గీత గియ్యండి. మేస్త్రీకి ఆ గీతే ప్లాను.

నాలాగా ఇప్పటికే కట్టేసినవాళ్ళు దిగులుపడొద్దు. పడమర అద్దానికి బయటివైపు తడికో షేడ్‌నెట్టో కట్టండి. లోపల ఊచలు బిగించండి. నేను పోయిన ఏడాది ఆ పెద్ద అద్దం తీయించి, సగం గోడ కట్టించి, మిగతా సగానికి ఊచలతో రెక్కల కిటికీ పెట్టించా. వెనక గోడకి కొత్తగా ఒకటి కొట్టించా. రోడ్డు మీద నుంచి చూస్తే ఇల్లు ఇప్పుడు అంత అందంగా లేదంటున్నారు. అనుకోనివ్వండి. ఈ వేసవి మా అమ్మ లోపలే పడుకుంది.

ఇల్లు మొదలుపెట్టిన మన రైతులు ఎవరైనా ఉంటే లింటెల్ పడకముందే ఈ మాట వాళ్ళ చెవిన వెయ్యండి.