సముద్రం పక్కనే ఉన్నా ఉప్పు తూచే కలుపుతాం

రెండు వీధులు దాటితే సముద్రం కదా, ఉప్పు కొనుక్కొచ్చి నీళ్ళలో కలుపుకోవడమేమిటర్రా అని మా ఇంటికొచ్చిన చుట్టాలంతా అడుగుతారు. తిరువాన్మియూరులో కాపురముండి సముద్రపు చేపల తొట్టి పెట్టుకుంటే ఈ మాట తప్పదు. అయినా మేము అనేది ఒకటే: ఒడ్డు నీళ్ళు వద్దు.

ఒడ్డున దొరికేది ఉత్త సముద్రం కాదు. అడయారు, కూవం ఊరి మురుగునంతా తెచ్చి అక్కడే కలుపుతాయి. ఐప్పసి, కార్తీక వానల్లో ఆ నీళ్ళ ఉప్పదనం కూడా పడిపోతుంది. పైన కురిసేది ఒకటి, ఉత్తరాన నదులు కలిసి పలచబడ్డ బంగాళాఖాతం నీళ్ళను ఒడ్డు వెంట ఇటు తోసుకొచ్చే ప్రవాహం మరొకటి. జూన్‌లో తెచ్చిన బిందె, నవంబరులో తెచ్చిన బిందె ఒకటి కావు. చేప మాత్రం అదే చేప.

ఇందులో ఒక తమాషా ఉంది. రోజుకి 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో 2013లో మొదలైన నెమ్మేలి కర్మాగారం సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసేసి దక్షిణ చెన్నైకి పంపుతోంది. మేము ఆ నీళ్ళని ఇంట్లో మళ్ళీ ఆర్వోలో వడకట్టి, మళ్ళీ ఉప్పు కలుపుతాం! నవ్వండి, పరవాలేదు. బోరు నీళ్ళు, లారీ నీళ్ళు వడకట్టకుండా పోస్తే వాటిలోని నైట్రేట్లకి, ఫాస్ఫేట్లకి తొట్టంతా పాచి పడుతుంది.

మరి వంటింటి ఉప్పు? అదీ కుదరదు. సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటే, అందులో మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు. కల్లుప్పు ఎంత పోసినా ఇవి ఆ పాళ్ళలో రావు. తొట్టి కోసమే చేసిన ఉప్పు కొనాలి.

అసలు గొడవ కొలత దగ్గర. మా ఇళ్ళలో ఉప్పంటే చేతి అంచనా, అది సాంబారుకి బాగానే కుదురుతుంది. గుడ్డు వేసి తేలిందేమో చూడమనే పెద్దలూ ఉన్నారు. తాజా గుడ్డు అసలైన సముద్రపు నీళ్ళలో మునిగిపోతుందండీ! అది తేలేంత ఉప్పుంటే చేప బతకదు. మేము 20 లీటర్లకి 700 గ్రాములు తూచి మొదలుపెడతాం. ఉప్పులో కాస్త తేమ ఉంటుంది కాబట్టి కొలిచి చూసుకుని ఇంకొంచెం వేస్తాం. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున చిక్కబడి కాల్షియం తెల్లగా విరిగిపోతుంది, తర్వాత ఎంత కలిపినా కరగదు. చిన్న మోటారు పెట్టి రాత్రంతా తిప్పుతాం. తెల్లారి 25 డిగ్రీల వేడిలో సాంద్రత 1.026 దగ్గరుండాలి. రిఫ్రాక్టోమీటరును మంచినీళ్ళతో కాదు, 35 గ్రాముల ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవడం మేలు. ఉప్పును ఎప్పుడూ చేపలున్న తొట్టిలోనే నేరుగా వేయకూడదు.

మే నెలలో తొట్టి నీళ్ళు రోజూ తగ్గుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాబట్టి ఆ లోటుకి ఆర్వో నీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోస్తే వారం తిరక్కుండా తొట్టి చిక్కబడుతుంది. నీళ్ళు మార్చే రోజున మాత్రమే కలిపిన నీళ్ళు. అప్పుడు తీసిన పాత నీళ్ళు కరివేపాకు మొదట్లో పోయొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం.