నిలిచిన బండి, నిద్రపోని బ్యాటరీ

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఏటా విధించే 61 రోజుల విరామమిది. అటువంటి రోజులలో ఒకసారి మేము కుటుంబసమేతంగా అల్లవరం మండలంలోని ఓడలరేవుకు వెళ్ళాము. వైనతేయ గోదావరి సముద్రాన్ని చేరే ఆ చోట పడవలన్నీ ఒడ్డున వరుసగా నిలిచి ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటున్న వారికి కొంచెం దూరంలో ఒక సరంగు తన ఇంటి అరుగు నీడలో బ్యాటరీని చెక్కపలకపై పెట్టుకుని, పొడిగుడ్డతో దాని మూతలు తుడుస్తున్నాడు. పడవలో దీపాలకు, వైర్‌లెస్‌కు, దారి చూపే జీపీఎస్‌కు అదే ఆధారమని చెప్పాడు. వేట లేని రోజులలో దానికింత సేవ ఎందుకని అడిగాము.

"బోటు పడుకుంటాదండి సాయిబుగారూ, బ్యాటరీ పడుకోదండి. రెండు నెలలు పస్తు పెట్టామంటే మళ్ళీ లేవదండి" అన్నాడు.

ఆ మాట మాకు సూటిగా తగిలింది. అంతకు కొన్ని నెలల ముందే మా ఇంట ఒక రాత్రి గడిచింది. మా పెద్దబ్బాయి కువైట్‌కు వెళుతూ తన కారును మాకు అప్పగించి వెళ్ళాడు. దానిపై దుమ్ము పడకుండా గుడ్డ కప్పాము, తాళంచెవిని బీరువాలో భద్రపరిచాము. అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాము. రెండు నెలల తరువాత ఒక అర్ధరాత్రి అబ్బాకు ఊపిరి అందడం కష్టమయింది. ఆయనను కారులో కూర్చోబెట్టి తాళం తిప్పితే, టక్‌టక్‌మన్న శబ్దం తప్ప సెల్ఫ్ తీసుకోలేదు. పక్క వీధిలోని ఆటో సోదరుణ్ణి నిద్రలేపి ఆసుపత్రికి చేర్చాము. అల్లాహ్ దయవలన అబ్బా కోలుకున్నారు. కాని ఆ వాకిట్లో పోయిన అరగంటను మేము నేటికీ మరువలేదు. అబ్బాయి మాకు అప్పగించినది ఒక అమానతు. దానికి గుడ్డ కప్పాము గాని, దాని ప్రాణం ఎక్కడ ఉందో చూసుకోలేదు.

మన కోనసీమలో గల్ఫ్‌కు వెళ్ళిన వారి వాహనాలు వాకిళ్ళలో నెలల తరబడి నిలిచి ఉంటాయి. హజ్‌కు వెళ్ళిన వారి బండ్లు దాదాపు 40 రోజులు కదలవు. చలిదేశాలలో పడక, వంటగది అమర్చుకున్న ఇంటి వంటి వాహనాలను శీతాకాలమంతా షెడ్లలో నిలిపి ఉంచుతారు. వారిని వేధించేదీ ఇదే సమస్య. కావున ఈ నెల ఈ విషయాన్నే పాఠకుల ముందుంచుతున్నాము.

వాడని బ్యాటరీలో ఛార్జి ఎందుకు తగ్గుతుంది? కారులోనూ, పడవలోనూ, ఇన్వర్టర్‌లోనూ సాధారణంగా ఉండేది సీసపు పలకలు, గంధకామ్లం కలిగిన బ్యాటరీ. 1859లో ఫ్రాన్స్ దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే దీనిని కనుగొన్నాడు. ఏ తీగా తగిలించకపోయినా దీని లోపల రసాయన చర్య మెల్లగా సాగుతూనే ఉంటుంది. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో మంచి బ్యాటరీ సైతం నెలకు నూటికి 3 నుండి 5 వంతుల ఛార్జిని కోల్పోతుంది. పాతబడిన దానిలో ఈ నష్టం మరింత ఎక్కువ. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు అది దాదాపు రెట్టింపవుతుంది. మన వేసవిలో రేకుల షెడ్డు కింద నిలిచిన బండి సంగతి ఊహించవచ్చు.

రెండవ నష్టం కంటికి కనిపించదు. తాళం తీసి పెట్టినా కారులో గడియారం, అలారం, రిమోట్ తాళం కొద్దికొద్దిగా కరెంటును తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీయాంపియర్లే అనుకుందాము. రోజుకు 0.72 యాంపియర్ అవర్, 61 రోజులకు దాదాపు 44. చిన్న కార్లలో ఉండే బ్యాటరీ సామర్థ్యం 35 యాంపియర్ అవర్ మాత్రమే! మూడున్నర వారాలకే సగం ఖాళీ అవుతుంది. మా కారు ఆ రాత్రి ఎందుకు కదలలేదో ఈ లెక్క వేసిన తరువాతనే మాకు బోధపడింది.

ఇక మూడవది తీరవాసులకు ప్రత్యేకమైనది. ఉప్పుగాలి తేమ బ్యాటరీ పైభాగాన మురికితో కలిసి రెండు ధ్రువాల మధ్య సన్నని దారి వేస్తుంది. దాని గుండా కరెంటు కారిపోతుంది. కొనలపై తెల్లగానో, నీలి ఆకుపచ్చగానో పూత పెరుగుతుంది. ఆ సరంగు మూతలు తుడుస్తున్నది ఇందుకే.

ఛార్జి తగ్గిపోవడం కన్నా, తగ్గిన స్థితిలో వదిలివేయడం పెద్ద హాని. అప్పుడు సీసపు పలకలపై సల్ఫేటు గట్టి పలుకులుగా పేరుకుంటుంది. ఆ తరువాత ఎంత ఛార్జి పెట్టినా పలకలు దానిని స్వీకరించవు. పస్తు పెడితే లేవదన్న మాటకు అర్థం ఇదే.

పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. బండిని నిలిపే ముందు బ్యాటరీకి పూర్తి ఛార్జి పెట్టించాలి. తరువాత నెగెటివ్ తీగను ముందుగా విప్పాలి. పాజిటివ్‌ను ముందుగా విప్పితే, పానా బండి ఇనుమును తాకి నిప్పురవ్వలు లేచే ప్రమాదం ఉంది. తిరిగి బిగించేటప్పుడు నెగెటివ్‌ను చివరగా బిగించాలి. కొత్త కార్లలో తీగ విప్పితే తాళాలు, రేడియో అమరికలు మారవచ్చు గనుక బండితో వచ్చిన పుస్తకం చూసిగాని, మెకానిక్‌ను అడిగిగాని ఈ పని చేయాలి. కొనలను శుభ్రం చేసి కొంచెం వాజ్‌లీన్ పూస్తే ఉప్పుగాలి అంత త్వరగా తినదు.

అటుపై నెలకొకసారి మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడాలి. ఛార్జి పెట్టిన వెంటనే కాక, కొన్ని గంటలు ఆగి చూస్తేనే సరైన అంకె తెలుస్తుంది. 12.6 లేదా 12.7 ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతు. 12.4కు దిగగానే మళ్ళీ ఛార్జి పెట్టడం మేలు. ఛార్జర్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదవ వంతు ఉంటే చాలు. 35 యాంపియర్ అవర్ బ్యాటరీకి మూడున్నర యాంపియర్లు. నిండగానే తనంతట తాను తగ్గించుకునే ఛార్జర్ అయితే తగిలించి ఉంచవచ్చు. సాధారణ ఛార్జర్‌ను మరచిపోతే లోపలి నీరు తగ్గిపోయి పలకలు పాడవుతాయి. మూతలు తీసే రకమైతే ఛార్జింగ్ పూర్తయిన తరువాత గీత వరకు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీరు, కుళాయి నీరు పనికిరావు.

ఛార్జి ఎక్కేటప్పుడు మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కనుక గాలి ఆడే చోటనే ఆ పని చేయాలి. పొయ్యి, అగరువత్తి, బీడీ దగ్గర ఉండరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి. ఆమ్లం చర్మంపై గాని కంటిలో గాని పడితే వెంటనే ధారగా నీటితో కడిగి, కంటికైతే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

"వారానికొకసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతున్నాము కదా" అని చాలామంది అంటారు. మేమూ అలాగే అనుకునేవారము. ఆ ఐదు నిమిషాలలో కోల్పోయినదంతా తిరిగి రాదు. అరగంటకు తగ్గకుండా రోడ్డుపై నడిపితేనే కొంత ప్రయోజనం. మూసిన షెడ్డులో ఇంజన్ తిప్పి ఉంచడమైతే విషవాయువును పిలిచినట్లే.

ఇంటి ఇన్వర్టర్‌కూ ఇదే నియమం వర్తిస్తుంది. మెయిన్ స్విచ్ కట్టి ఊరు వెళితే, ఇన్వర్టర్ తానే బ్యాటరీని తాగుతూ కూర్చుంటుంది. దానినీ ఆపి, బ్యాటరీ తీగ విప్పించి వెళ్ళాలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను మన కోనసీమను ఎలా చీకటిలో ముంచిందో పెద్దలకు తెలుసు. అక్టోబరు రాకముందే బ్యాటరీని నింపి ఉంచుకోవడం ఈ నేలపై అవసరం. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఉండే లిథియం బ్యాటరీ తీరు మాత్రం వేరు. దానిని నిండుగా కాక, సుమారు సగం ఛార్జితో నీడన ఉంచాలి.

పనికిరాని బ్యాటరీని పెరట్లో పడవేయకూడదు. సీసం పిల్లల మెదడుకు విషం. కొత్తది కొనేచోటనే పాతది అప్పగిస్తే కొంత సొమ్మూ తగ్గుతుంది.

ఈ విద్య ప్రయాణమయ్యే వారికన్నా ఇంట మిగిలే వారికి ఎక్కువ అవసరం. గల్ఫ్‌కు వెళ్ళే కుమారుడు తాళంచెవితో పాటు ఈ నాలుగు మాటలను అమ్మీకీ, భార్యకూ, తమ్మునికీ చేతితో చేయించి మరీ నేర్పాలి. మా ఇంట ఇప్పుడు గోడమీది క్యాలెండర్‌లో ప్రతి నెలా ఒక తేదీ చుట్టూ ఎర్రగీత ఉంటుంది. ఆ రోజు మా కోడలు మీటర్ పెట్టి చూసి, అంకెను ఆ తేదీ పక్కనే రాస్తుంది. గత నెల రాసినది 12.6.