దాత దేహము – వైద్యుని ముందుచూపు

రోగి తన బాధానివారణమునకై శస్త్రమునకు దేహము నొడ్డును. మూత్రపిండదాతయో, తన యందే రోగమును లేకుండగనే, అన్యుని ప్రాణము నిలుపుటకై శస్త్రశాలకు నడచివచ్చును. ఈ చికిత్సవలన ఆతని దేహమునకు గలుగు లాభ మొక్కటియు లేదు. కావున దాతపట్ల వైద్యుని బాధ్యత ద్విగుణమైనది. శస్త్రచికిత్స యెంత కష్టసాధ్యమగునో ముందుగా నిర్ణయించి దాతకు దెలుపుట ఆ బాధ్యతలో మొదటి భాగమని మా యభిప్రాయము.

1954 డిసెంబరు 23వ తేదీన బోస్టను నగరమున డాక్టరు జోసెఫ్ మర్రే కవలలలో నొకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి కృతకృత్యుడయ్యెను. అది మొదలు నలువదియేండ్లు దాతలకు ప్రక్కను పెద్దకోత తప్పలేదు. 1995లో బాల్టిమోరు నగరమున లాపరోస్కోపు సాయమున చిన్నరంధ్రముల ద్వారా పనిచేయు విధానము దాతలకు లభించెను. అమెరికాలో 1993–2002 నడుమ పదివేలమంది దాతలకు మువ్వురు చొప్పున తొంబదిదినములలోపల మరణింపగా, 2013–2022 నడుమ ఆ సంఖ్య ఒకటికంటె తక్కువకు దిగినది. ఇది సంతోషింపదగినదే. కాని మరణము లరుదైనంతమాత్రమున కష్టము తొలగినట్లు కాదు. చిక్కైన దేహమున శస్త్రము గంటలకొలది సాగును, రక్తస్రావ మధికమగును, ఒక్కొకప్పుడు పెద్దకోతకే దిగవలసివచ్చును.

చిక్కు లెచ్చటనుండి వచ్చును? ఎడమ మూత్రపిండపు సిర పొడవైనది, కుడిదానిది పొట్టిది. కనుకనే వైద్యులు సాధారణముగా ఎడమదానినే కోరుదురు. ఇంచుమించు నలుగురిలో నొకరికి ఒక మూత్రపిండమునకు ఒకటికంటె నెక్కువ ధమనులుండును. అన్నిటికంటె మోసకారి మూత్రపిండమును చుట్టియుండు క్రొవ్వు. కొందఱిలో నది సులువుగా విడివడును. కొందఱిలో బంకవలె పొరకంటుకొని, అంగుళమంగుళము ఒలువవలసివచ్చును. లావుగానున్నవారికే యిట్లుండునని తలచుట పొరపాటు. చర్మము క్రింది క్రొవ్వెంతయో, లోపలి క్రొవ్వెంతయో త్రాసు చెప్పజాలదు. 2014లో అమెరికాలోని మేయో వైద్యశాలవారు మూత్రపిండము వెనుకటి క్రొవ్వు మందమును, సి.టి. చిత్రమున దానియందు గనబడు చారలను గణించి, సున్న మొదలు అయిదువరకు అంకె వేయు పద్ధతిని గనిపెట్టిరి. మూత్రపిండములోని కంతుల చికిత్సకై పుట్టిన యీ పద్ధతిని పిమ్మట దాతల విషయమునను పరీక్షించిరి. దాతకు సి.టి. పరీక్ష యెట్లును జరుగుచునే యున్నది. ఆ చిత్రమునే మఱికొంత శ్రద్ధతో జూచినచో క్రొత్తవ్యయ మేమియు లేదు.

నేర్పరియగు వైద్యునికి అంకెలతో పనియేమని కొంద ఱడుగవచ్చును. నేర్పరికి పని లేకున్న నుండవచ్చును. కాని నేర్చుకొనువాని చేతికి ఏ దేహము నప్పగింపవలెనో, దేని నప్పగింపరాదో నిర్ణయించుటకు నేర్పరికే యీ యంకె కావలెను. అయితే అంకె జోస్యము కాదు. తక్కువ యంకెగల దేహము చిక్కు పెట్టవచ్చును. ఎక్కువ యంకెగలది సులువుగా సాగవచ్చును. పరదేశీయుల దేహములపై పుట్టిన కొలత మనవారికి ఎంతవరకు సరిపడునో మన వైద్యశాలలే లెక్కలు వ్రాసి తేల్చవలెను.

మఱియొక హెచ్చరిక. అంటుకొను క్రొవ్వు స్త్రీలకంటె పురుషులలో నధికముగ గానవచ్చుచున్నది. మనదేశమున జీవించియుండి మూత్రపిండ మిచ్చువారిలో ఇప్పటికే స్త్రీలు హెచ్చు. తల్లులు, భార్యలు ముందునకు వచ్చుచున్నారు. “నీ దేహము సులువు” అను మాట వారిపై మోపు క్రొత్త యొత్తిడి కారాదు. శస్త్రపు సులువు దానమునకు కారణము కానేరదు. దాత స్వేచ్ఛయే కారణము కావలెను.

1994లో భారత పార్లమెంటు చేసిన అవయవమార్పిడి శాసనపు 12వ సెక్షను, చికిత్సవలన గలుగు ప్రమాదముల నన్నిటిని దాతకు వివరించిన పిమ్మటనే వైద్యుడు శస్త్రము పట్టవలెనని విధించినది. “ప్రమాద మల్పము” అను మాటతో ఆ విధి తీరదు. ఈ దాత దేహమున ధమను లెన్ని, క్రొవ్వెట్టిది, శస్త్రము పట్టువా రెవరు అను సంగతులు దాత మాతృభాషలో, సంతకమునకు ముందే, కాగితముపై నుండవలెను. వినినపిమ్మట దాత వెనుకకు తగ్గిన, ఆ తగ్గుట నెవ్వరును నిందింపరాదు. తెలిసి చేసినదే దానము. దాతను చీకటిలో నుంచి గైకొన్నది యెంత సుఖముగ ముగిసినను, దానిని దానమని పిలుచుటకు మేము సమ్మతింపము.