ఫ్రిజ్ బాగుంది, బోర్డే దొరకడం లేదు

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

వేంపల్లె నుంచి రాస్తున్నాను. ఎండలు ముదిరాక మా ఫ్రిజ్ ఆగిపోయింది. కొని ఆరేళ్లే. ఊళ్లో మెకానిక్ విప్పి చూసి, కంప్రెసర్ బాగుంది, గ్యాస్ ఉంది, పోయింది ఎలక్ట్రానిక్ బోర్డు ఒక్కటే అన్నాడు. కడపలో సర్వీస్ సెంటరుకు పోతే ఆ మోడల్ బోర్డు ఇక రాదు, కొత్తది కొనుక్కోండన్నారు. అమ్మ ఇన్సులిన్ పదిరోజులు పక్కింటి ఫ్రిజ్‌లో ఉంది. చివరికి వాయిదాల మీద కొత్తది తెచ్చాం. బాగు చేయించాలా, మార్చాలా అని ఆలోచించుకునే అవకాశమే మాకు లేకపోయింది.

మీ శాఖ 2022లో రిపేరు హక్కుపై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న రిపేరు వివరాల పోర్టల్ తెరిచింది. మంచి పనే. కానీ కంపెనీ విడిభాగమే ఆపేస్తే పోర్టల్‌లో వివరాలు చూసి మేమేం చేయాలి? ఐరోపా సమాఖ్యలో మోడల్ అమ్మకం ఆగాక కూడా ఫ్రిజ్ బోర్డు 7 ఏళ్లు దొరకాలని 2021 నుంచి నిబంధన ఉంది.

మాకూ అలాంటి నిబంధన తప్పనిసరి చేయండి. విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో, బోర్డు ధరెంతో కొనేటప్పుడే పెట్టె మీద ముద్రించమనండి. ఊళ్లో మెకానిక్‌కూ ఆ భాగం అమ్మాలని ఆదేశించండి.

ఇట్లు,
వేంపల్లె వినియోగదారుడు