హోంగార్డు స్త్రీలది జీతమా, భత్యమా?

బాన్సువాడ బస్టాండు దగ్గర గానీ, జాతరలో గుడి వాకిట గానీ ఖాకీ బట్టల్లో నిలబడ్డ స్త్రీని చూస్తే జనం 'పోలీసమ్మ' అంటారు. కానిస్టేబులా, హోంగార్డా అని ఎవరూ అడగరు. గుంపును అదుపు చేసేటప్పుడు ఆ తేడా ఎవరికీ అక్కర్లేదు. నెల తిరిగి డబ్బులు చేతికొచ్చేటప్పుడే అది బయటపడుతుంది. కానిస్టేబులుకు వచ్చేది జీతం. హోంగార్డుకు వచ్చేది డ్యూటీ చేసిన రోజుల లెక్కన భత్యం.

1946లో బొంబాయిలో అల్లర్ల సమయంలో పోలీసులకు తోడుగా పౌరులతో ఏర్పడిన దళం ఇది. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతటా ఒక పద్ధతిలోకి తెచ్చారు. దీని వెనకున్న ఊహ ఏమిటంటే, ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాడు అవసరమైనప్పుడు నాలుగు రోజులు సేవచేసి మళ్లీ తన పనిలోకి వెళ్లిపోతాడు, అతనికి చేతిఖర్చులిస్తే చాలు. ఆ ఊహలోని మనిషి మగవాడేనని వేరే చెప్పాలా? ఈనాడు ఆ భత్యం మీదే ఇల్లు నడుపుతూ ఏళ్లకేళ్లు పనిచేస్తున్నవాళ్లు కూడా కాగితం మీద ఇంకా స్వచ్ఛంద సేవకులే.

2015 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు, పర్మనెంటు చేయాలన్న కోరికను ఒప్పుకోలేదు. అయితే ముప్పై రోజుల భత్యం కలిపితే ఆ రాష్ట్ర పోలీసుల కనీస వేతనానికి సమానం కావాలన్నది. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజు భత్యం 921 రూపాయల నుంచి 1,000కి పెరిగింది. నెలంతా చేస్తే 30,000. 2020 వేతన సవరణలో కానిస్టేబులు మూలవేతనం మొదలయ్యేది 24,280 దగ్గర. చూశారా, హోంగార్డుకే ఎక్కువ కదా అనేవాళ్లుంటారు. మూలవేతనం మీద కరువు భత్యం, ఇంటి అద్దె, ఏటేటా ఇంక్రిమెంటు చేరతాయన్న సంగతి వాళ్లు చెప్పరు. ఇరవయ్యేళ్లు చేసిన హోంగార్డుకూ నిన్న చేరినామెకూ అదే వెయ్యి. వయసు మీదపడ్డాక పింఛను లేదు.

కానిస్టేబులు పరీక్ష రాసి వచ్చాడు, వీళ్లు రాలేదు కదా అని ఇంకో వాదన. కాదనను. మరి పని అప్పజెప్పేటప్పుడు ఆ పరీక్ష ఎందుకు గుర్తురాదు? స్త్రీని సోదా చేయవలసివస్తే మరో స్త్రీయే చేయాలని చట్టం చెబుతుంది. ఆడ కానిస్టేబుళ్లు చాలని చోట హోంగార్డు స్త్రీ సాయం లేకుండా ఠాణా నడవదు.

'సేవ' అన్న మాట మనకు కొత్తది కాదు. అంగన్‌వాడీ టీచర్లకూ, ఆశా కార్యకర్తలకూ ఇచ్చేది ఇన్నాళ్లూ 'గౌరవ వేతనం', 'పారితోషికం'. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పేదాకా వాళ్లది ఉద్యోగమా కాదా అన్న మీమాంసే నడిచింది. పోలీసుశాఖను చూస్తే మనలో చాలామందికి భయమూ కోపమూ ఉన్నాయి, కారణాలూ ఉన్నాయి. అందుకే కాబోలు, ఈ స్త్రీలు మన సభల్లోకి రాలేదు, మనమూ వాళ్ల దగ్గరకు పోలేదు. బీడీ కార్మికుల గురించి ఈ జిల్లాలో మనం ఎంతో మాట్లాడాం. ఖాకీ కట్టుకున్న రోజుకూలీ గురించి మాట్లాడలేదు.

రోజు భత్యం పెంచినప్పుడల్లా అది ఏదో ఒక ప్రభుత్వం దయగా వస్తోంది. సర్వీసును బట్టి పెరుగుదల, ప్రసూతి సెలవు, పింఛను మాత్రం చట్టంలోనే రాసివుండాలి. వచ్చే డిసెంబరు 6, హోంగార్డుల దినోత్సవం నాటికి మన సంఘాలు వాళ్లను కలిసి ఒక మహజరు తయారుచేయడం మొదలుపెట్టవచ్చు.