తరగతి గదిలో రాయబారము

కార్తీక అమావాస్య మొదలు ఐదు దినములు కారంపూడిలో జరుగు వీరారాధనోత్సవములు పల్నాటివారికి సుపరిచితములు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను వరుసలో పూర్వగాథ మన కన్నుల ముందు మరల నడచును. ఇందులో పోరులను మనము మరువము. రాయబారమును మాత్రము త్వరగా మరచెదము. మాచర్ల పక్షమున గురజాలకు రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగమునకు బలియైన పిమ్మటనే గదా యుద్ధము తప్పనిదైనది!

విద్యాలయములు నేర్పవలసినది ఈ రాయబారమునే అని నా అభిప్రాయము. 2024 మే ఎన్నికల వేళ మన ప్రాంతమున చెలరేగిన హింసను చూచినవారికి ఇది చిన్న విషయముగా తోచదు.

యువజన పార్లమెంటు పోటీలు 1966-67లో ఢిల్లీ పాఠశాలలలో ప్రారంభమైనవి. నేడు నమూనా శాసనసభలు, నమూనా ఐక్యరాజ్యసమితి సమావేశములు అనేక విద్యాసంస్థలలో జరుగుచున్నవి. ఇవి మంచివే. అయితే బహుమతి తరచు వక్తృత్వమునకే గాని, ఎదుటివాని మాట ఆలకించినవానికి కాదు.

మనకు ఉదాహరణ ముంగిటనే ఉన్నది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైనది. కుడి కాలువ మాచర్ల సీమ నుండియే బయలుదేరుచున్నది. తరగతిలో ఒక జట్టును ఎగువ రైతులుగా, మరొక జట్టును కాలువ చివరి భూముల రైతులుగా కూర్చుండబెట్టి, కరవు సంవత్సరపు నీటిని పంచుకొనుమనవలెను. ఎదుటి పక్షము “ఔను, మా మాట ఇదియే” అని ఒప్పుకొనునట్లు వారి వాదమును తిరిగి చెప్పిన తరువాతనే సమాధానమీయవలెను. వాదము వేడెక్కిన తరుణమున జట్లను తారుమారు చేయవలెను. మన కళాశాలలో ఉర్దూలో చెప్పిన మాటను తెలుగులో, తెలుగులో చెప్పినదానిని ఉర్దూలో వక్రీకరింపక అందించుట మరింత మేలైన అభ్యాసము.

ఈ అభ్యాసము పొందిన విద్యార్థికి నైలు నది వార్త పరాయిది కాదు. 2025లో ప్రారంభోత్సవము జరిగిన ఇథియోపియా ఆనకట్టను గూర్చి చదువునపుడు, దిగువనున్న ఈజిప్టు రైతు భయమును, విద్యుత్తుకై ఎదురుచూచు ఇథియోపియా పల్లెవాని ఆశను ఒక్కసారిగా గ్రహింపగలడు.

“ఇది ఆటయే గదా, పరీక్షలకు పనికివచ్చునా?” అని కొందరందురు. గంటసేపు అభినయించినంత మాత్రమున ఎండిన పొలముగల రైతు బాధ మనదగునని నేననను. అందుచేతనే అభినయము తరగతితో ముగియరాదు. విద్యార్థులు కాలువ చివరి గ్రామమునకు వెళ్ళి రైతుల మాట వినవలెను. 1997 చట్టము ననుసరించి ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘముల పనిని తెలిసికొనవలెను. తమ ఊరి గ్రామసభలో కూర్చుండవలెను.

ఇందుకు ధనమక్కరలేదు, వారమునకొక గంట చాలును. అధ్యాపకులు ఆ గంటను ప్రసాదింతురుగాక! విద్యార్థి మిత్రులు ఎదుటి పీటపై కూర్చుండుటకు సిద్ధపడుదురుగాక!