గొడ్డుకు మందు - కంపెనీకి తూకం

మేతను బట్టే మాంసం ఉంటుందన్న సంగతి పెద్దకూర వండుకునే మన వాడలకి ఒకరు చెప్పనక్కర్లేదు. పచ్చిక మేసిన గొడ్డు కొవ్వు పసుప్పచ్చగా ఉంటుంది, గింజలు తిన్నదాని కొవ్వు తెల్లగా ఉంటుంది. దున్ని దున్ని అలిసిపోయిన ముసలెద్దు కూర ఎన్ని పుల్లలు ఎగదోసినా ఉడకదు. అయితే దాణాలో కలిపే మందులతో బహుళజాతి కంపెనీలు అమెరికాలో చేసిన వ్యాపారం కూడా మన కార్యకర్తలు తెలుసుకోవాల్సి ఉంది.

అక్కడ టెక్సాస్, కాన్సాస్, నెబ్రాస్కా రాష్ట్రాల్లో వేలాది గొడ్లను ఒకే దొడ్లోకి తోలి నెలల తరబడి మొక్కజొన్న దాణా మేపుతారు. ఆ దాణాతో కండ మధ్యన సన్నని దారాల్లా కొవ్వు పాకుతుంది. కూరకి రుచీ, మెత్తదనమూ దానివల్లనే. ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని అక్కడి ప్రభుత్వం వేసే గ్రేడ్లలో ఈ కొవ్వుకే పెద్దపీట.

కాని కొవ్వు పట్టాలంటే దాణా ఖర్చవుతుంది, రోజులు పడతాయి. పెట్టుబడికి అంత ఓపికెక్కడిది? 2003లో రాక్టోపమైన్, 2006లో జిల్పటెరాల్ అనే మందులను గొడ్ల దాణాలో కలపడానికి అమెరికా అనుమతించింది. తిన్న తిండి కొవ్వుగా కాకుండా కండగా మారేటట్టు చెయ్యడం వీటి పని. కోతకి ముందు 20 నుంచి 40 రోజులు జిల్పటెరాల్ పెడితే ఒక్కో గొడ్డుకి 10, 15 కిలోల దాకా మాంసం ఎక్కువ తూగుతుంది. తూకం సరే, మరి నాణ్యం? కండలో కొవ్వు తగ్గింది, కూర గట్టిపడింది. ఇది మేము అంటున్న మాట కాదు, పరిశోధకులు ముక్క కోసి, కొలిచి చెప్పిన మాట.

2013 ఆగస్టులో టైసన్ కంపెనీ ఈ మందు తిన్న గొడ్లను సెప్టెంబరు నుంచి కొనబోమని ప్రకటించింది. కబేళాకి వచ్చిన గొడ్లు కొన్ని నడవలేక, కదల్లేక పోతున్నాయని చెప్పింది. మందే కారణమని మాత్రం తేల్చి చెప్పలేదు. అదే నెలలో తయారీదారు మెర్క్ అమెరికా, కెనడాల్లో అమ్మకం నిలిపేసింది. రాక్టోపమైన్ మాత్రం ఆగలేదు. యూరపు దేశాలు ఈ జాతి మందులను పశువుల పెంపకంలో 1996లోనే నిషేధించాయి.

ఇంతకీ ఆ తూకం ఎవరి పాలు? 1977లో అమెరికాలో నాలుగు పెద్ద మాంసం కంపెనీల చేతిలో ఉన్నది 25 శాతం గొడ్లు. ఇటీవలి లెక్కల్లో అది సుమారు 85 శాతం. పక్కవాడు మందు పెట్టి తూకం పెంచితే పెట్టనివాడు దెబ్బతింటాడు. అందరూ పెడితే సరుకు పెరిగి ధర పడిపోతుంది. మందు ఖర్చు మేపినవాడి నెత్తిన, గట్టి కూర తినేవాడి పంటి కింద!

దాణాలో కలిపేదంతా విషమని మేము అనటం లేదు. విటమిన్ ఇ పెడితే మాంసం ఎర్రదనం మరికొన్ని రోజులు నిలుస్తుంది (అది తినేవాడికంటే అంగడివాడికే ఎక్కువ అక్కరనుకోండి). ఖనిజ లవణాలు చాలని గొడ్డు సరిగా చూలు కట్టదు. అవి అవసరమే.

మరి మన సంగతి? మన దేశం నుంచి ఎగుమతయ్యేది గేదె మాంసం. అందులో చాలా మటుకు పాలుడిగిన గేదెలదే. వరిగడ్డి, కాస్త తవుడు, చేతిలో డబ్బులాడితే చెక్క - ఇదీ వాటి దాణా. దున్నదూడ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలన్నీ కేంద్రానికి పోతే అది గంజికి నోచుకోక చస్తోంది. కడుపునిండా మేస్తే ఏడాది రెండేళ్లలో మెత్తని మాంసానికి అమ్ముడుపోయే జీవం అది. కూలివాడికి అంత డబ్బు ఒక్కసారి ఇంకెక్కడ్నుంచి వస్తుంది?

మేత ఏదంటారా? బంజర్లు పోయాయి. కోత మిషను వచ్చాక కూలీ పోయింది, గడ్డీ పోయింది. మిషను కింద నలిగిన గడ్డిని చాలా చోట్ల చేలోనే తగలబెడుతున్నారు. ఒక్క దున్నదూడ ఉన్న కూలివాడు అదే గడ్డిని మోపుల లెక్కన కొనాల్సి వస్తోంది. ఈసారి కూలిరేట్ల మాటల్లో, మిషను కోసిన చేలో గడ్డి ఏరుకునే హక్కు కూడా పెట్టాలని మేము అడుగుతున్నాం.